విద్యుత్తు బండ్లును, మన పుష్యమాసపు చలియును

మన సంఘముల సర్వసభ్య సమావేశములలో ఇటీవల తఱచుగా వినవచ్చుచున్న ప్రశ్న యొకటి కలదు. గోదామునుండి ఎరువుల బస్తాలను గ్రామములకు చేర్చుటకును, పత్తిని, పాలను, కూరగాయలను మార్కెట్టునకు తీసికొనిపోవుటకును సంఘము పక్షమున బ్యాటరీతో నడచు చిన్న లారీని కొనవచ్చునా యని కొందఱు సభ్యులు మా యభిప్రాయము నడుగుచున్నారు. డీజిలు వ్యయముచే విసిగిన రైతు ఇట్టి ప్రశ్న వేయుట సహజము. కిలోమీటరు ఒక్కంటికి విద్యుత్తున కగు ఖర్చు డీజిలు ఖర్చుకంటె తక్కువ యనుటయు నిజమే. కరీంనగరమునుండి హైదరాబాదునకు 2024 సెప్టెంబరులోనే విద్యుత్తు బస్సులు నడుపబడజొచ్చెను. రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరులో ప్రకటించిన విధానమున విద్యుత్తు బండ్లకు, వానిలో తేలిక సరకు బండ్లకును ట్రాక్టర్లకును గూడ, 2026 డిసెంబరు 31వ తేది వఱకు రహదారి పన్నును రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగ మినహాయింప నిశ్చయించిరి. కావున ఈ బండ్లు మన గ్రామములకు వచ్చునా రావా యను చర్చకు కాలము గడచినది. వచ్చుచున్నవి. వానిని ఏ లెక్కపై కొనవలయునన్నదే నేటి చర్చ.

ఆ లెక్కలో అమ్మువారు చెప్పనిదియు, కొనువారు అడుగనిదియు నగు అంశ మొకటి కలదు. అది చలి.

ఈ మాట వినగనే నవ్వువారు కొందఱుందురు. వైశాఖ జ్యేష్ఠములలో రామగుండము రాళ్లు పగులునట్లు కాయుచుండగా మనకు చలి భయమేమి, అది నార్వే వంటి మంచు దేశముల మాట గదా యందురు. కాని ఆదిలాబాదు ప్రాంతము మన రాష్ట్రమునకెల్ల మిక్కిలి చలిగల ప్రదేశమని ప్రతి యేటను వాతావరణ శాఖ లెక్కలు తెలుపుచునే యున్నవి. పుష్య మాఘములలో అచ్చట రాత్రి యుష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు జాఱుట సామాన్యము. సిర్పూరు (యు), తిర్యాణి వంటి అడవి మండలములలో కొన్ని రాత్రులు ఐదాఱు డిగ్రీలకును దిగును. కేస్లాపురమున నాగోబా జాతర జరుగు పుష్య అమావాస్య నాటి తెల్లవారుజామున బండి కట్టుకొని పోయినవారికి ఈ సంగతి వేఱుగ చెప్ప నక్కఱలేదు. మాఘమాసమున మ్రాకులు సైతము వణకునని పెద్దలు ఊరక చెప్పలేదు. మ్రాకులు వణకు చలిలో బ్యాటరీ మాత్రము వణకకుండునా?

చలికి బ్యాటరీ యేల మందగించునో రైతు సోదరులు తెలిసికొనుట మంచిది. ఈ బండ్లలో వాడునది లిథియమను లోహముతో పనిచేయు బ్యాటరీ. అందు లిథియము కణములు ఒక పలకనుండి మఱియొక పలకకు ఒక ద్రవముగుండ పోవుచు వచ్చుచు నుండును. ఒకవైపునకు పోవునప్పుడు బండి నడచును. వానిని వెనుకకు త్రోసినప్పుడు ఛార్జి యగును. చలికాలమున కొబ్బరినూనె పేరుకొనుట, ఆముదము చిక్కబడుట మన యిండ్లలో అందఱు నెఱిగినదే. బ్యాటరీలోని ద్రవము పేరుకొనకపోయినను అట్లే కొంత చిక్కబడును. కణముల నడక మందగించును. లోపలి శక్తి యెచ్చటికిని పోలేదు గాని వలసినంత వడిగ బైటికి రాదు. గాదె నిండుగనే యుండును. గాదె నోరు ఇఱుకగును.

దీనికి తోడు మఱి కొన్ని చిన్న నష్టములు కలవు. ముప్పది డిగ్రీల గాలికంటె ఐదు డిగ్రీల గాలి సుమారు తొమ్మిది శాతము దట్టముగ నుండును. బండి దానిని చీల్చుకొని పోవుటకు ఎక్కువ శక్తి వలయును. మధ్యాహ్నపు ఎండలో గాలి నింపిన టైరు తెల్లవారుసరికి మెత్తబడును. ఉష్ణోగ్రత ఐదాఱు డిగ్రీలు తగ్గినపుడెల్ల రమారమి ఒక పౌను ఒత్తిడి తఱుగును. మెత్తని టైరు బండిని వెనుకకు లాగును. దిగుడులో బ్రేకు వేసినప్పుడు చక్రముల శక్తిని తిరిగి బ్యాటరీలోనికి పంపు ఏర్పాటు ఈ బండ్లలో గలదు. బ్యాటరీ చల్లగ నున్నప్పుడు అది ఆ శక్తిని పూర్తిగ స్వీకరింపదు. ఎగుడులో మఱియొక చిక్కు కలదు. చల్లని బ్యాటరీని బరువుతో బలముగ లాగినచో దాని వోల్టేజి ఒక్కసారిగ క్రుంగును. ఇంకను కొంత దూరము పోవచ్చునని గడియారపు ముల్లు చూపుచుండగనే బండి బలహీనపడవచ్చును. నిర్మలునకును నేరడిగొండకును నడుమ మహబూబు ఘాటు వంటి ఎగుడులెక్కు లారీకి ఇది చిన్న సంగతి కాదు.

ఈ నష్టమెంత? అమెరికాలోని ఎ.ఎ.ఎ. యను మోటారుదారుల సంఘము 2019లో ప్రకటించిన పరీక్షలో, సున్నకు దిగువ సుమారు ఏడు డిగ్రీల చలిలో విద్యుత్తు కార్లు లోపల వేడిగాలి యంత్రము నడుపుచు పోయినప్పుడు దూరము సగటున 41 శాతము తఱిగెను. ఆ యంత్రము నడుపనప్పుడు తఱుగు 12 శాతము మాత్రమే. ఇందు మనకు రెండు పాఠములు గలవు. మొదటిది, దూరమును మ్రింగుచున్నది ముఖ్యముగ కారులోని వేడిగాలి. మన చిన్న సరకు బండ్లలో అట్టి సౌకర్యమే అరుదు. మన డ్రైవరు గొంగడి కప్పుకొనియే నడుపును. కావున నలువది శాతము నష్టమని చెప్పి మనలను బెదరించువారి మాట నమ్మదగినది కాదు. రెండవది, వేడిగాలి లేకున్నను కొంత నష్టము తప్పదు. మన చలి అంత తీవ్రము కాదు గాని, మన బండి మోయు బరువు ఎక్కువ, మన త్రోవలు గతుకులవి, టైరు గాలిని గూర్చి మన శ్రద్ధ తక్కువ. వీనినెల్ల కలుపుకొని తెల్లవారుజాము ప్రయాణమునకు పదింట ఒకటి మొదలు ఐదింట ఒకటి వఱకు తఱుగు వేసికొనుట వివేకమని మా యభిప్రాయము.

పదింట ఒకటి పోయిన నేమి, వేసవిలో తిరిగి వచ్చును గదా యని కొందఱు తేలికగ తీసివేయుదురు. చలి నష్టము వేసవిలో తిరిగి వచ్చుట నిజమే. కాని మన సరకు వేసవివఱకు ఆగునా? పత్తి ఏరుట ఆశ్వయుజమున మొదలై మాఘమువఱకు సాగును. ఆదిలాబాదు మార్కెట్టునకైనను జమ్మికుంట మార్కెట్టునకైనను బండ్లు బారులు తీరునది ఈ నెలలలోనే. అందును రైతు పగలు బయలుదేరడు. కోడి కూయకమునుపే బయలుదేరి తెల్లవారుసరికి కాంటా యొద్ద నుండగోరును. అనగా మన మోత కాలమే చలికాలము. మన ప్రయాణపు గడియయే దినములోనెల్ల చల్లని గడియ. బ్యాటరీకి మిక్కిలి కష్టమైన వేళకును మనకు దాని యవసరము మిక్కిలిగ నుండు వేళకును ఇట్లు సరిగ పొంతన కుదిరినది.

బండి నడిత్రోవను ఆగినచో రైతు పోగొట్టుకొనునది కాలము మాత్రమే కాదు. కాటన్ కార్పొరేషన్ వారు మద్దతు ధరకు పత్తి కొనుటకు తేమ ఎనిమిది శాతమునకు లోబడి యుండవలెను. అటుపై ప్రతి శాతమునకు ధరలో ఒక శాతము కోతపడును. పండ్రెండు దాటిన కొననే కొనరు. 2025-26వ సంవత్సరమునకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలునకు 8,110 రూపాయలు. తేమ పండ్రెండు శాతమున్నచో క్వింటాలునకు 324 రూపాయలు పోవును. పది క్వింటాళ్ల బండికి మూడువేల రెండువందల పైచిలుకు. మంచు కురియు రాత్రి పత్తి బండి ఆరుబయట త్రోవప్రక్కన నిలిచిపోయినచో ఆ తేమ యెట్లు పెరుగునో రైతునకు మేము చెప్ప నవసరము లేదు. అంతేగాక 2025 సంవత్సరపు కొనుగోళ్లకు కపాస్ కిసాన్ యను ఫోను యాప్ ద్వారా ముందుగ దినము కుదుర్చుకొను పద్ధతిని ప్రవేశపెట్టిరి. కుదిరిన దినమున బండి చేరనిచో ఆ రైతు మరల దినము కుదుర్చుకొని వేచియుండవలెను. లేదా వచ్చిన ధరకు దళారికి అప్పగించి ఇల్లు చేరవలెను. బ్యాటరీలో తఱిగిన ఆ పదింట ఒకటి చివరకు పడునది రైతు నెత్తిమీదనే.

ఇక లెక్కకు వత్తము. ఉదాహరణమునకు, 2022 మే నెలలో వెలువడిన టాటా ఏస్ విద్యుత్తు బండికి ఒక్క ఛార్జితో 154 కిలోమీటర్లని ధ్రువీకరింపబడినది. ఈ యంకె అసత్యము కాదు. అయితే ఇట్టి యంకెలు నిర్ణీతమైన పద్ధతిలో, అనుకూలమైన వాతావరణమున చేసిన పరీక్షలవి. మన యూరి త్రోవమీద, మన బరువుతో, మన పుష్యమాసమున తీసినవి కావు. బరువునకు, గతుకులకు, ఎగుడులకు ఐదింట ఒక వంతు తీసివేయుదము, 123 మిగులును. చలికి నూటికి పదునైదు తీసివేయుదము; 105 మిగులును. బ్యాటరీని అడుగంట నడుపుట ప్రమాదము గనుక అత్యవసరమునకు ఐదింట ఒక వంతు దాచుకొందము, 84 మిగులును. ఈ తీసివేతలు మేము జాగ్రత్తకొఱకు వేసికొన్నవి. మీ త్రోవను బట్టి మీరు మార్చుకొనవచ్చును. ఏమైనను ఉట్నూరునుండి ఆదిలాబాదునకు పోయివచ్చుటకు సుమారు నూఱు కిలోమీటర్లు. 154 అన్న మాట నమ్మి బయలుదేరినవాడు నిశ్చింతగ పోవును. 84 అన్న లెక్క వేసికొన్నవాడు ఆదిలాబాదులో ఛార్జికి చోటు చూచుకొని మఱి బయలుదేరును. ఇల్లు చేరువాడు ఈ రెండవవాడే.

ఇంతటితో లెక్క ముగియలేదు. మన దేశమున చలికంటె పెద్ద దొంగ వేఱొకటి కలదు. అది వేసవి. చలి తీసికొన్నది ఎండ వచ్చినప్పుడు తిరిగి యిచ్చును; వేడి తీసికొన్నది తిరిగి యీయదు. బ్యాటరీ ఎక్కువ వేడిలో నిలిచియున్నకొలది దాని లోపలి పదార్థములు శీఘ్రముగ క్షీణించును. మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములు చలికాలమున ఒక అంకెకు దిగి, మే నెలలో నలువదియైదు డిగ్రీలకు పైబడు ప్రదేశములు. ఇంతటి చలిని ఇంతటి వేడిని ఒకే బండి ఒకే సంవత్సరమున చూడవలసిన చోట్లు మన రాష్ట్రమున ఎన్నో లేవు. కొన్ని సంవత్సరములకు బ్యాటరీ ఐదింట నాలుగు వంతులకు దిగినచో, పై లెక్కలోని 84 కిలోమీటర్లు 67 అగును. ఇట్టి తఱుగును బండ్లమ్ము సంస్థలు సామాన్యముగ లోపముగ నెంచవు. బ్యాటరీ శక్తి నూటికి డెబ్బదికో ఎనుబదికో దిగువకు పోయినగాని హామీ వర్తింపదని అనేకములగు హామీపత్రములలో వ్రాసియుండును. అప్పటికి బండి అప్పు వాయిదాలు మాత్రము తఱుగక నడచుచునే యుండును.

కావున మేము సభ్యులకు చెప్పదలచిన దొక్కటే. బండిని కొనుటకు ముందు దాని మొదటి వేసవిని చూడకుడు. అప్పు తీరునట్టి చివరి పుష్యమాసమును చూడుడు. ఆనాటి తెల్లవారుజామున, ఆనాటి అరిగిన బ్యాటరీతో, నిండు బరువుతో మీ మార్కెట్టునకు పోయి రాగలదా? రాగలదని తేలినచో సందేహింపక కొనుడు. రాలేదని తేలినచో ఎంత పన్ను మినహాయింపు వచ్చినను ఆ త్రోవకు ఆ బండి తగినది కాదు. గడువు దగ్గఱపడినదని తొందరపెట్టువారికి, గడువు పన్నునకే గాని మా లెక్కకు లేదని బదులు చెప్పుడు.

ఇట్లు వ్రాయుటచే మేము విద్యుత్తు బండ్లకు విరోధులమని యెవ్వరును తలపరాదు. ఈ బండ్లన్నియు మోసమనువారితో మాకు పొత్తు లేదు. మనకంటె ఎన్నో రెట్లు చలిగల నార్వే దేశమున 2024లో అమ్ముడుపోయిన క్రొత్త కార్లలో నూటికి 89 దాక విద్యుత్తువే. చలి బండిని చంపునదైనచో ఆ దేశస్థులు కొనియుందురా? వారు చలికి ఎంత పోవునో ముందే యెఱిగి, బయలుదేరుటకు మునుపే బ్యాటరీని వెచ్చచేసికొని, త్రోవ పొడవున ఛార్జి కేంద్రములు నిలుపుకొనిరి. అదే 2024 జనవరిలో అమెరికాలోని చికాగో నగరమున తీవ్రమైన చలి వీచినప్పుడు ఛార్జి కేంద్రముల యొద్ద కార్లు బారులు తీరి, కొన్ని కదలక నిలిచిపోయెను. చలి రెండు చోట్లను ఒక్కటే. భేదము సిద్ధపాటులో నున్నది. చికాగోవలె చిక్కుపడక నార్వేవలె నడుపుకొనుటకు ఒంటరి రైతు చాలడు, సంఘము వలయును. ఇచ్చటనే సహకారమునకు పని యున్నది.

మన సంఘములు చేయవలసినవి నాలుగు. మొదటిది, అమ్మువాని యంగడి యెదుట వేసవిలో చూపు ప్రదర్శనతో తృప్తి పొందక, పుష్యమాసమున ఒక తెల్లవారుజామున నిండు బరువుతో మన త్రోవమీదనే బండిని నడిపి చూపుమని కోరవలెను. ఒంటరిగ ఒక రైతు కోరినచో నవ్వి త్రోసివేయుదురు. పది సంఘములు కలిసి పది బండ్లు కొందుమన్నచో కాదన జాలరు. రెండవది, పది డిగ్రీల చలిలో ఎంత దూరము పోవునో అమ్ముసంస్థచేత వ్రాతమూలముగ తీసికొనవలెను. మూడవది, సంఘపు బండిని దగ్గఱి పనులకే ముందుగ నియోగింపవలెను. గోదామునుండి ఎరువులు చేర్చుట, ఊరూర పాలు సేకరించుట, సంతకు కూరగాయలు కొనిపోవుట ఇట్టివి. త్రోవ నిశ్చితము, దూరము స్వల్పము, రాత్రికి బండి ఇల్లు చేరును. ఇట్టి పనులలో విద్యుత్తు బండికి సాటి లేదు. దూరపు పత్తి మోతకు ఇప్పటికి డీజిలు లారీనే కిరాయికి తీసికొనుట నామోషి కాదు. నాలుగవది, ఆదిలాబాదు, జమ్మికుంట వంటి మార్కెట్ యార్డులలో కాంటా వరుసలో నిలుచు బండ్లకు ఛార్జి వసతి కల్పింపుడని మార్కెట్ కమిటీలను కోరుచు ప్రతి సంఘమును తీర్మానము చేసి పంపవలెను. గంటలకొలది వరుసలో ఊరక నిలుచు కాలమున బ్యాటరీ నిండినచో పై లెక్కలోని చిక్కు సగము విడిపోవును.

బండి గలవారు పాటింపవలసిన నియమములును కొన్ని కలవు. సాయంకాలము బండి ఇల్లు చేరగనే, బ్యాటరీ ఇంకను వెచ్చగ నుండగనే ఛార్జి పెట్టుట మేలు. వీలైనచో బయలుదేరు వేళకు ఛార్జి పూర్తియగునట్లు చూచుకొనుట మఱియు మేలు. బండిని మంచులో నుంచక కొట్టము క్రింద నిలుపవలెను. తెల్లవారుజామున టైరు గాలి చూచుకొనవలెను. ఎగుడెక్కుటకు ముందు రెండు మూడు కిలోమీటర్లు మెల్లగ నడిపి బ్యాటరీని వెచ్చబడనీయవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, చలికి డీజిలు లారీ కదలనప్పుడు దాని క్రింద మంట వేసి వెచ్చచేయు అలవాటు కొందఱు డ్రైవర్లకు గలదు. విద్యుత్తు బండి క్రింద అట్టి పని ఎన్నడును చేయరాదు. నిప్పు సెగకు బ్యాటరీ చెడుటయే గాక అంటుకొనవచ్చును. అంటుకొన్న బ్యాటరీని ఆర్పుట మిక్కిలి కష్టము.

పూర్వ కరీంనగరము జిల్లాలోని ముల్కనూరు గ్రామమున 1956లో స్థాపింపబడిన సహకార సంఘము, అప్పిచ్చుటతో నాగక రైతు పంటను కొని అమ్మిపెట్టుటవఱకు తానే పూనుకొని దేశమునకు పేరెన్నికగన్నది. అప్పు ఒకచోటను అమ్మకము మఱియొకచోటను లెక్క వేసికొన్నచో రైతునకు మేలు లేదని ఆ సంఘపు పని మనకు నేర్పినది. బండి విషయమునను ఇంతే. బండి అప్పును ఒక పుస్తకమునను, బండి త్రోవను మఱియొక పుస్తకమునను వ్రాసికొన్నచో రెండును కలిసిన నాడు చింతింపవలసి వచ్చును.

ఎద్దును కొనునప్పుడు రైతు పండ్లు చూచును, గిట్టలు చూచును, ఒక చాలు దున్నించి చూచును. అమ్మువాడు చెప్పిన వయస్సును మాత్రము నమ్మి పగ్గము పట్టుకొనిన రైతును మే మెఱుగము. విద్యుత్తు బండికి పండ్లు లేవు గాని దానిని పరీక్షింపదగిన తెల్లవారుజాములు మన ప్రాంతమున పుష్కలముగ గలవు. ఈ పుష్యమాసమున ఏ సంఘమైనను ఒక బండిని నిండు బరువుతో తన త్రోవమీద నడిపించి, బయలుదేరినప్పటి ఉష్ణోగ్రతను, మోసిన బరువును, పోయిన దూరమును, మిగిలిన ఛార్జిని వ్రాసి పంపినచో మేము సంతోషముతో ఈ పత్రికయందు ప్రకటింతుము. అమ్మువారి యంకెలకు ప్రక్కన మన యంకెలు నిలుచు నాడు మన బేరము బేరమనిపించుకొనును.